మెడ జారుతోంది, చేయి పొడుగైంది, దండ దగ్గర పట్టేస్తోంది: ఏది ముందు విప్పాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. విడివిడి ముక్కలుగా అల్లే స్వెట్టర్. ముందు, వెనక ముక్కలు అయిపోయాయి, భుజాలు కలిపి కుట్టేశారు, మెడ పట్టీ కూడా వేసేశారు. ఒక చేయి పూర్తి చేసి, పిన్నులతో తగిలించి వేసుకుని చూసుకున్నారు. మెడ వెడల్పై భుజాల మీదికి జారుతోంది. చేయి మణికట్టు ఎముక దాటి 4 సెం.మీ. కిందికి వస్తోంది. అదే చేయి దండ (భుజానికీ మోచేతికీ మధ్య భాగం) దగ్గర మాత్రం బిగుసుకుపోయింది. మీ అల్లిక 10 సెం.మీ.కి 22 కుట్లు, 30 వరుసలు. "చేయి మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టనా, మెడ V ఆకారంలోకి మార్చేస్తే సరిపోతుందా?" అని అడిగారు.

రెండూ వద్దు. ఇప్పటికిప్పుడు చేయి మీద చెయ్యే వేయొద్దు. మొదట మెడ సంగతి చూడాలి.

చాలామంది చేయి పొడవును చేతి దగ్గరే కొలుస్తారు. కానీ చేయి పొడవు మొదలయ్యేది మెడ దగ్గర. స్వెట్టర్ బరువంతా వెనక మెడ అంచు మీద, భుజాల కుట్ల మీద వేలాడుతుంది. ఆ అంచు గట్టిగా నిలబడితే భుజం కుట్టు భుజం ఎముక మీద కూర్చుంటుంది. అంచు సాగితే భుజం కుట్టు బయటికి జరిగి దండ మీదికి దిగుతుంది, దాంతోపాటు చేయి మొత్తం కిందికి వస్తుంది. మీ వెనక మెడకు 48 కుట్లు ఉన్నాయన్నారు. అంటే దాదాపు 22 సెం.మీ. ఒంటి మీద అది సాగి 25 అయిందనుకోండి, ఒక్కో వైపు ఒకటిన్నర సెం.మీ. బయటికి పోయినట్టే. భుజం వాలు మీద జారింది కలిపితే రెండు కూడా కావచ్చు. మీ చేతిలో 'ఎక్కువైన' 4 సెం.మీ.లో సగం చేయిది కాదు, మెడది.

నమ్మకం కుదరకపోతే పావుగంటలో తేల్చుకోవచ్చు. మామూలు కుట్టు దారం తీసుకుని వెనక మెడ పట్టీ కింద, ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టు దాకా పెద్ద పెద్ద టాకాలు వేయండి. దారం లాగి ఆ భాగం 18 సెం.మీ.కి దగ్గర పడేలా ముడేయండి. కాస్త కుచ్చులు వస్తాయి, రానివ్వండి. ఇప్పుడు చేయి పిన్నులతో తగిలించి వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి దించి, అద్దం ముందు నిలబడండి. భుజం కుట్టు ఎక్కడుందో చూడండి. మణికట్టు దగ్గర ఎంత మిగిలిందో అప్పుడు కొలవండి. ఆ అంకె కాగితం మీద రాసి పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఈ పాఠం నేను నా చేతి ఊలుతోనే నేర్చుకున్నాను. మొదట్లో అల్లిన ఒక స్వెట్టర్‌కి చేతులు పొడవయ్యాయని రెండు చేతులూ విప్పి 3 సెం.మీ. చొప్పున తగ్గించాను. తర్వాత మెడ వదులుగా ఉందని పట్టీ మార్చాను. స్వెట్టర్ భుజాల మీదికి బుద్ధిగా ఎక్కి కూర్చుంది, చేతులు మణికట్టు పైన ఆగిపోయాయి. మళ్ళీ మొదటికొచ్చాను. రెండు చేతులూ రెండోసారి విప్పాను.

ఇక మీ మెడ సంగతి. పట్టీ కోసం 120 కుట్లు ఎత్తానని (అంచులోంచి కొత్త ఊలు లాగి సూది మీదికి తెచ్చుకున్నానని) రాశారు. మీ ముక్కల లెక్క పక్కన పెట్టి చూశాను. వెనక 48, ముందు మధ్యలో మూసినవి (ఊడిపోకుండా ముగించినవి) 20, ముందు మెడ లోతు 8 సెం.మీ. అంటే 24 వరుసలు, రెండు వైపులా కలిపి 48. మొత్తం 116. మూలల్లో కన్నాలు పడకుండా ఇంకో నాలుగు ఎత్తి ఉంటారు. అంటే పక్క అంచుల్లో వరుసకో కుట్టు చొప్పున ఎత్తేశారు. మెడ పట్టీ అలలు అలలుగా లేచి నిలబడకపోవడానికి కారణం అదే. అందరం చేసే పొరపాటే.

అల్లిక కుట్టు చతురస్రం కాదు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. మీ అల్లికలో 10 సెం.మీ. అడ్డంగా 22 కుట్లు పడితే నిలువుగా 30 వరుసలు పడుతున్నాయి. 22ని 30తో భాగిస్తే 0.73, అంటే ముప్పావుకు దగ్గర. అందుకే నిలువు అంచులో నాలుగు వరుసలకు మూడు కుట్లు మాత్రమే ఎత్తాలి: మూడు ఎత్తండి, ఒకటి వదలండి. మూసిన కుట్ల మీద, అంటే అడ్డ అంచులో, కుట్టుకో కుట్టు. ఏటవాలుగా ఉన్నచోట ఈ రెండింటికీ మధ్యస్థంగా. వేరే ఊలుతో, వేరే సూదులతో అల్లేవాళ్ళు తమ శాంపిల్ ముక్క మీద ఇదే భాగహారం చేసుకోవాలి. నాలుగుకి మూడు అనేది శాసనం కాదు.

మీ ముందు మెడ వాలులో మొదట 3, 2, 2 కుట్లు మూసి, తర్వాత ఒక్కొక్కటి చొప్పున 7 తగ్గించారు. అక్కడ పక్కకి 20 కుట్ల చొప్పున ఎత్తితే సరిపోతుంది. మధ్యలో 20 అలాగే ఉంచండి. వెనక మాత్రం 48కి 48 ఎత్తొద్దు. ఐదు ఎత్తి ఆరోది వదిలేయండి, 40 వస్తాయి. మొత్తం 40, 20, 20, 20 కలిపి 100. ఒకటి నిట్ (సూటి కుట్టు) ఒకటి పర్ల్ (తిరగేసిన కుట్టు) రిబ్‌కీ, అంటే సాగే గీతల అల్లికకీ, సరిపోతుంది, రెండు రెండు రిబ్‌కీ సరిపోతుంది. వెనక మెడను బిగించేది ఈ వదిలేసిన 8 కుట్లే.

పాత పట్టీ విప్పడం సులభం. చివర మూసిన కుట్టు ముడి దొరకబుచ్చుకుని లాగితే మొదలుదాకా వచ్చేస్తుంది. కత్తెర కేవలం ముడి కోసం, అల్లిక దగ్గరికి తేవొద్దు. కొత్తగా ఎత్తేటప్పుడు సూది మొనను అంచు కుట్టు ఒక్క పోగు కిందికి కాకుండా రెండు పోగుల కిందికీ పోనివ్వండి. ఊలు చుట్టి ముందుకు లాగండి. ఒక్క పోగు పట్టుకుంటే అది సాగి వరుసంతా కిటికీలు కనిపిస్తాయి. మూసిన కుట్లు అయిపోయి వాలు మొదలయ్యే మూలలో ఎప్పుడూ ఒక కన్నం ఉంటుంది. ఆ కన్నంలోంచే ఎత్తకండి, దాని పక్కన బిగువుగా ఉన్న పోగులోంచి ఎత్తండి. కన్నంలోంచి ఎత్తితే అది ఇంకా నోరు తెరుస్తుంది.

సూదుల విషయానికొస్తే, ఒంటి భాగం 4 మి.మీ.తో అల్లారు కాబట్టి పట్టీకి 3.25 వాడండి. నా సలహా అయితే పట్టీని రెట్టింపు ఎత్తు అల్లి లోపలికి మడవడం. మడవని పట్టీ 7 వరుసలైతే మడత పట్టీ 15 వరుసలు. మడిచి, సూది మీది కుట్లను మూయకుండానే, మొద్దు సూదితో ఒక్కొక్కటిగా లోపలి అంచుకి కుట్టేయాలి. ఊలు కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ మెడ నాలుగు ఉతుకుల తర్వాత కూడా నిలబడుతుంది. పైగా కుట్లు మూయకపోవడం వల్ల ఆ అంచు బిగిసిపోయి తల పట్టకపోవడమనే బాధ ఉండదు. కుట్టే దారాన్ని లాగకండి, వదులుగా కూర్చోనివ్వండి. సగం కుట్టాక ఒకసారి తల దూర్చి చూసుకోండి.

మడత పట్టీ వద్దనుకుంటే, మూసే పద్ధతి మార్చాలి. రెండు కుట్లను వెనక పోగుల్లోంచి కలిపి అల్లండి, వచ్చిన ఒక్క కుట్టును తిరిగి ఎడమ సూదికి ఎక్కించండి, దాన్నీ తర్వాతి కుట్టునూ మళ్ళీ అలాగే కలపండి. చివరిదాకా ఇంతే. మామూలు మూతకంటే బాగా సాగుతుంది. మూసేముందు కుట్లన్నీ ఒక పొడుగాటి పాత దారం మీదికి ఎక్కించి, తల పడుతుందో లేదో తప్పకుండా చూడండి. పెద్దవాళ్ళ తల చుట్టుకొలత 56, 57 సెం.మీ. అటూ ఇటూ ఉంటుంది. 100 కుట్ల రిబ్ లాగకుండా ఉంటే 42, 43 ఉంటుంది. రిబ్ సాగుతుంది కాబట్టి ఫర్వాలేదు, కానీ మూత సాగకపోతే రిబ్ ఎంత సాగినా ఉపయోగం లేదు.

పట్టీ అయ్యాక లోపలివైపు నుంచి ఇంకో చిన్న పని చేయండి. క్రోషె సూదితో, ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టు దాకా, పట్టీ మొదలైన గీత వెంబడి ఒక గొలుసు వరుస వేయండి. ఆ గొలుసు పొడవు 18 సెం.మీ. దాటకూడదు. బయటికి కనపడదు. చొక్కా కాలర్ లోపల టైలర్లు పట్టీ వేస్తారు చూడండి, అదే పని చేస్తుంది. మెడ పూర్తిగా విప్పే ఓపిక లేనివాళ్ళకి కూడా ఈ గొలుసు ఒక్కటే సగం రోగం కుదురుస్తుంది. కాకపోతే పదో వంతుకి మించి బిగిస్తే కుచ్చులు బయటికి కనిపిస్తాయి. 22 సెం.మీ.ని 20కి తేవచ్చు, గొలుసు ఒక్కదానితోనే 18కి తేవాలనుకోవద్దు. మీకు పట్టీ కూడా మారుస్తున్నాం కాబట్టి రెండూ పంచుకుంటాయి.

V మెడ గురించి. V మెడ నాకు ఇష్టమే, కానీ జారే మెడకి అది మందు కాదు. గుండ్రటి మెడకి ముందువైపు కూడా ఒక పట్టు ఉంటుంది. V మెడకి ఆ పట్టు ఉండదు, మొత్తం భారం వెనక మెడ మీదే. ఆ వెనక మెడే ఇప్పుడు మీకు వదులు. V చేస్తే ఇంకా జారుతుంది. వేసే ముచ్చట ఉంటే తర్వాతి స్వెట్టర్‌కి మొదటినుంచే లెక్కేసుకుని, వెనక మెడ 17, 18 సెం.మీ. దాటకుండా అల్లండి.

ఇప్పుడు చేయి. ఇక్కడ రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుతున్నాయి. మీ దండ చుట్టుకొలత 31 సెం.మీ. చేతికి పైన 66 కుట్లు. అతుకులో రెండు వైపులా ఒక్కో కుట్టు లోపలికి పోతుంది, మిగిలేవి 64, అంటే 29 సెం.మీ. ఒంటికంటే చేయే రెండు సెం.మీ. తక్కువ. పట్టకేం చేస్తుంది? అల్లిక అడ్డంగా సాగితే నిలువులో కురచబడుతుంది. కాబట్టి దండ దగ్గర వెడల్పు ఇవ్వగానే చేయి ఇప్పుడు కనిపిస్తున్నదానికంటే ఇంకొంచెం పొడవు దిగుతుంది. మెడ బిగిస్తే చేయి పైకి పోతుంది, దండ వదులైతే కిందికి వస్తుంది. అందుకే టాకాలు వేసి కొలవమన్నది. కింద నేను వేసే లెక్కలో చంక దాకా 43 సెం.మీ. అనుకున్నాను, ఇప్పుడున్న 45కి రెండు తక్కువ. మీ కొలత వేరే వస్తే ఆ అంకె పెట్టుకోండి.

కొలిచేటప్పుడు చేతిని నిటారుగా వేలాడేసి కొలవకండి. మోచేయి కొంచెం మడిచి, మెడ వెనక మధ్య ఎముక నుంచి భుజం మీదుగా, మోచేతి బయటివైపుగా, మణికట్టు ఎముక దాకా టేపు నడిపించండి. మోచేయి మడిస్తే రెండు సెం.మీ. దాకా అదనంగా కావాలి. ఆ మాట మరిచి అల్లినవాళ్ళ స్వెట్టర్ చేతులు, ఏదైనా అందుకోబోతే చాలు, పైకి పారిపోతాయి.

దండకి ఎంత వదులు? లోపల పల్చటి చొక్కా మాత్రమే వేసుకుంటారనుకుంటే 3 సెం.మీ. చాలు, 34. అంటే 75 కుట్లు, అతుక్కి రెండు కలిపి సరిసంఖ్య చేస్తే 76. పోల్చుకోవడానికి ఒక పాత లెక్క ఉంది. అల్లిక పుస్తకాలు రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన శాతాల పద్ధతిలో ఒంటి చుట్టూ ఉన్న కుట్లు 100 అనుకుంటే, మణికట్టుకి 20, దండకి మూడో వంతు నుంచి 35 దాకా. మీ ఒంటికి ముందు 106, వెనక 106, మొత్తం 212. అందులో 20 శాతం 42, మీరు 44 వేశారు. 35 శాతం 74, మనం అతుకు కాకుండా అక్కడికే వచ్చాం. నిజానికి ఈ శాతాలు అతుకుల్లేకుండా గుండ్రంగా అల్లే స్వెట్టర్ల కోసం. చేయి మరీ సన్నమైనా, మరీ లావైనా తప్పుతాయి. అయినా ఒక్క చూపులో తప్పు పట్టుకోవడానికి బాగా పనికొస్తాయి. మీ 66 అంటే 31 శాతమే.

చేయి మొత్తం విప్పక్కర్లేదు అన్నాను కదా. ముంజేయి దగ్గర బాగానే ఉందని మీరే రాశారు. కఫ్ (మణికట్టు దగ్గరి పట్టీ) 6 సెం.మీ. అయ్యాక 8 వరుసలకోసారి రెండు వైపులా ఒక్కో కుట్టు పెంచుతూ పోయారు, 11 సార్లు. 88 వరుసలు. తర్వాత పది సెం.మీ. దాకా నిటారుగా. బిగుతు మొదలయ్యేది మోచేతి పైన. కాబట్టి ఐదో పెంపు దాకా, అంటే కఫ్ తర్వాత 40వ వరుస దాకా ఉంచేద్దాం. అక్కడ మీకు 54 కుట్లు ఉంటాయి.

విప్పేముందు ఆ 40వ వరుసలో ఒక రక్షణ దారం వేయండి. వేరే రంగు, జారే రకం సన్నటి దారం, మొద్దు సూది. ప్రతి కుట్టుకీ కుడి పోగు కిందినుంచి సూది దూర్చుతూ 54 కుట్లూ దాటించండి. వరుస మారిపోకుండా మంచి వెలుతురులో, బల్ల మీద పరిచి చేయండి. దారం బయటికి వచ్చాక మళ్ళీ 54 లెక్కపెట్టండి. 53 వస్తే ఎక్కడో ఒకటి తప్పించారు, ఇప్పుడే దొరుకుతుంది. తర్వాత పైనుంచి ఊలు లాగుతూ పోతే ఆ దారం దగ్గర ఠక్కున ఆగుతుంది. లాగిన ఊలు నూడుల్స్‌లా వంకరలు తిరిగి ఉంటుంది. నేనైతే చిలప చుట్టి గోరువెచ్చని నీళ్ళలో తడిపి ఆరేస్తాను. తొందరుంటే అలాగే అల్లేయొచ్చు, ఉతికాక చాలావరకు సర్దుకుంటుంది. కానీ వంకర ఊలుతో కొలత మీద నమ్మకం పెట్టుకోకండి, వరుసలు లెక్కపెట్టుకోండి.

ఇక పెంపుల లెక్క. మొత్తం 43 సెం.మీ.లో కఫ్ 6, పైన నిటారుగా 4 తీసేస్తే 33 సెం.మీ., అంటే 99 వరుసలు. అందులో 40 అయ్యాయి. మిగిలినవి 59. కుట్లు 54 నుంచి 76కి రావాలి, 22 పెరగాలి, వరుసకి రెండు చొప్పున 11 పెంపులు. 59ని 11తో భాగిస్తే ఐదుకి కాస్త పైన. పెంపు ఎప్పుడూ ముందువైపు (బయటికి కనిపించే వైపు) వరుసలోనే చేస్తాం కాబట్టి సరిసంఖ్యలే కావాలి. 4 వరుసలకోసారి నాలుగు పెంపులు, 6 వరుసలకోసారి ఏడు పెంపులు: 16, 42 కలిపి 58. ఒక్క వరుస మిగిలింది, నిటారు భాగంలో కలిపేయండి. ముందు 4 వరుసలవి అయిపోగొట్టండి, మీకు వెడల్పు కావాల్సింది మోచేయి దాటగానే. పెంపులు అంచు కుట్టులో కాకుండా రెండు కుట్లు లోపలికి చేస్తే అతుకు కుట్టేటప్పుడు నన్ను తలుచుకుంటారు.

ఇప్పుడు చాలామంది పొరబడే చోటు: చంక పైన క్యాప్, అంటే భుజానికి అతికే చేయి పైభాగపు గుండ్రటి ముక్క. చేయి వెడల్పు చేశాం కాబట్టి క్యాప్ కూడా ఎత్తు పెంచాలనిపిస్తుంది. అది తిరగబడిన లెక్క. ఒంటి ముక్కలో చంక గుంట మారలేదు. దాని అంచు పొడవు ఎంతో క్యాప్ అంచు పొడవూ అంతే ఉండాలి, మహా అయితే ఒక సెం.మీ. ఎక్కువ. వెడల్పు పెరిగినప్పుడు అదే అంచు పొడవు రావాలంటే ఎత్తు తగ్గాలి. గుడారం గుడ్డ అంతే ఉంచి కాళ్ళు ఎడంగా జరిపితే కప్పు కిందికి దిగినట్టు.

మీ చంక లోతు 20 సెం.మీ. ఒక్కో వైపు 5, 3 మూసి, తర్వాత ఒక్కొక్కటిగా 5 తగ్గించారు. ముందూ వెనకా అంచు మీద దారం పరిచి కొలిస్తే దాదాపు 47 సెం.మీ. రావాలి. పాత క్యాప్ 66 కుట్లకి వేసింది. 76 కుట్లకి ఇలా చేయండి. మొదటి రెండు వరుసల మొదట్లో 5 చొప్పున, తర్వాతి రెండు వరుసల మొదట్లో 3 చొప్పున మూయండి. ఇది ఒంటి ముక్కతో అచ్చంగా కలవాలి, ఇక్కడ సొంత తెలివి వద్దు. 60 మిగులుతాయి. ప్రతి ముందువైపు వరుసలో రెండు చివర్లా ఒక్కొక్కటి తగ్గిస్తూ 17 సార్లు, 34 వరుసలు. 26 మిగులుతాయి. తర్వాతి రెండు వరుసల మొదట్లో 3 చొప్పున మూస్తే 20. అవి ఒకేసారి మూసేయండి. క్యాప్ ఎత్తు 40 వరుసలు, 13 సెం.మీ. పైచిలుకు, అంటే చంక లోతులో మూడింట రెండు వంతులు. పాతదానికంటే దాదాపు నాలుగు వరుసలు తక్కువ.

అతికేముందు క్యాప్ అంచు మీద కూడా దారం పరిచి కొలవండి. రెండు సెం.మీ. పైగా ఎక్కువుంటే భుజం మీద బుడగ లేస్తుంది. తక్కువైతే చంక లాగుతుంది, చేయెత్తితే స్వెట్టర్ అడుగంచు కూడా పైకొస్తుంది. పిన్ను మొదట క్యాప్ నడిమధ్య భుజం కుట్టుకి, తర్వాత రెండు చివర్లకి, ఆ తర్వాతే మధ్యలో. ఒక చివరి నుంచి మొదలుపెట్టి పిన్నులు పెట్టుకుంటూ పోతే మిగులంతా రెండో చివర కుప్ప పడుతుంది.

ఈ సమాధానం చదివే మిగతావాళ్ళకి ఒక మాట. ఇదంతా సెట్ ఇన్ చేతుల లెక్క, అంటే చంక గుంటలో క్యాప్ అమర్చి అతికేవి. భుజం కిందికి దిగే డ్రాప్ షోల్డర్ స్వెట్టర్లో క్యాప్ ఉండదు, చేయి పై వెడల్పు చంక లోతుకి సరిగ్గా రెట్టింపు. పొడవు మాత్రం మెడ మధ్య నుంచి మణికట్టు దాకా కొలిచి, అందులోంచి ఒంటి ముక్క వెడల్పులో సగం తీసేయాలి. ఒళ్ళు వదులుగా అల్లినకొద్దీ చేయి కురచ కావాలి.

పైనుంచి కిందికి అల్లే రాగ్లాన్ (చేయీ ఒళ్ళూ మెడ నుంచి చంక దాకా ఏటవాలు గీతలో కలిసే స్వెట్టర్) అయితే వేసుకుని చూస్తూ అల్లొచ్చు కాబట్టి చేయి పొడవు సమస్యే కాదు. దండ బిగుతైతే చంక కింద అదనంగా ఎక్కించే కుట్లు పెంచుకోవాలి. అక్కడ అసలు తంటా మెడతో. ముందూ వెనకా ఒకే ఎత్తులో మొదలుపెడితే ముందు భాగం గొంతుకి తగులుతుంది, వెనక భాగం కిందికి లాగుతుంది. వెనకవైపు మాత్రమే అటూ ఇటూ తిరుగుతూ కొన్ని సగం వరుసలు అల్లి రెండు, మూడు సెం.మీ. ఎత్తు పెంచితే మెడ సర్దుకుంటుంది. అన్నట్టు ఈ రాగ్లాన్ పేరు 1815లో వాటర్లూ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్న లార్డ్ రాగ్లాన్‌ది. తర్వాత క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి అధిపతి ఆయనే. అదే యుద్ధంలో 1854లో గుర్రపు దళాన్ని నడిపించినవాడు కార్డిగన్ ప్రభువు, ముందు గుండీలుండే స్వెట్టర్‌కి ఆయన పేరే. ఆ పోరు జరిగిన చోటు బాలక్లావా, తలనీ మెడనీ కప్పే అల్లిక టోపీకి ఆ ఊరి పేరే. మనం అల్లే వస్తువుల్లో మూడింటికి పేరు ఒకే యుద్ధంలోంచి వచ్చింది.

చిన్నపిల్లలకి అల్లేవాళ్ళు మెడను ఒంటి నిష్పత్తిలో లెక్కేయకండి. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది. మెడ చూడ్డానికి సరిపోయినా తల దూరదు. ఒక భుజం కుట్టకుండా వదిలి, పట్టీ అల్లి రెండు గుండీలు పెట్టడమే హాయి.

మళ్ళీ మీ స్వెట్టర్‌కి. శాంపిల్ ముక్క ఉతికి కొలిచారా లేదా మీరు రాయలేదు. ఉతక్కపోయి ఉంటే, విప్పేముందు ఆ పూర్తయిన చేతినే ఒకసారి తడిపి, తువ్వాల్లో చుట్టి నీళ్ళు పిండి, చదునుగా పరిచి ఆరబెట్టి, ఒక చోట 30 వరుసలు ఎంత పొడవున్నాయో కొలవండి. మెషీన్లో ఉతకొచ్చని రాసిన ఊలు చాలావరకు తడిస్తే నిలువుగా సాగుతుంది. 30 వరుసలు 10 కాకుండా 10.5 సెం.మీ. వస్తే మీ 43 సెం.మీ. చేయి 45 అవుతుంది, మన కష్టమంతా నీళ్ళలో పోతుంది. అప్పుడు 99 వరుసల బదులు 94 పెట్టుకోవాలి, నిటారు భాగంలో కూడా ఒక వరుస తగ్గించాలి. పెంపుల్లో 6 వరుసలవి రెండు తగ్గించి 4 వరుసలవి రెండు పెంచితే అక్కడికి వస్తుంది. తాడు మీద మాత్రం ఆరేయకండి. తడి స్వెట్టర్‌ని తాడు మీద వేస్తే దాని బరువే దాన్ని సాగదీస్తుంది.

రెండో చేయి ఇంకా మొదలుపెట్టలేదన్నారు, మంచిదైంది. మొదటి చేయి అల్లుతున్నప్పుడే ప్రతి పెంపు వరుస అంకె కాగితం మీద గీసుకోండి, రెండోది ఆ కాగితం చూసి అల్లండి, టేపు చూసి కాదు. ఒకే మనిషి చేతిలో కూడా వారం తేడాతో అల్లిక బిగువు మారుతుంది. టేపు ఆ తేడాని దాచేస్తుంది, వరుసల లెక్క దాచదు.

కాబట్టి ఈ రాత్రికి టాకాలు వేసి చూడండి. మణికట్టు దగ్గర ఎంత మిగిలిందో, ఉతికాక 30 వరుసలు ఎన్ని సెం.మీ. వచ్చాయో, ఈ రెండు అంకెలు ఇక్కడ రాయండి. 43 మారితే పెంపుల లెక్క మళ్ళీ వేసి పెడతాను. అప్పటిదాకా చేయి విప్పకండి.